కంప్యూటర్‌లోని వీడియోలు పోర్టబుల్ ప్లేయర్‌లో ఆడాలంటే: డీవీడీస్టైలర్‌పై సమీక్ష

ఈ రోజుల్లో డిస్కులు ఎవరు చూస్తున్నారని నగరవాసులకు అనిపించవచ్చు గాని, కోనసీమలో, ముఖ్యంగా గోదావరి పాయల మధ్యనున్న లంక గ్రామాల్లో, ఒకప్పుడు కువైట్ నుంచో దుబాయి నుంచో సెలవు మీద వచ్చినవారు తెచ్చి ఇచ్చిన పోర్టబుల్ డీవీడీ ప్లేయర్లు ఇంకా కొన్ని ఇళ్లలో పనిచేస్తూనే ఉన్నాయి. మూత తెరిస్తే ఏడంగుళాల తెర, దాని కింద నాలుగు దిక్కులకూ నాలుగు బొత్తాలు, లోపల రెండు గంటల పైచిలుకు నిలిచే బ్యాటరీ. తుఫాను కాలంలో కరెంటు పోయి సెల్ టవర్ కూడా మూగబోయినప్పుడు ఇంట్లో పెద్దవాళ్లకు ఇదే కాలక్షేపం. ఫోను మీద వేలు ఎక్కడ తగిలితే ఏమవుతుందోనని జంకే మా పెద్దమ్మ ఈ ప్లేయరును మాత్రం ఎవరి సాయమూ లేకుండా నడుపుకుంటుంది. ఆవిడ చూడాలనుకునేవన్నీ ఇప్పుడు ఫోనుల్లోనూ కంప్యూటర్లలోనూ ఫైళ్లుగా ఉన్నాయి. ఆవిడ దగ్గరున్న యంత్రానికేమో డిస్కు కావాలి. ఆ ఫైళ్లను ఆ యంత్రం చదవగలిగే డిస్కులుగా మార్చే ఉచిత సాఫ్ట్‌వేర్ డీవీడీస్టైలర్ గురించీ, దాని చేత సరిగ్గా పని చేయించుకోవడానికి తెలిసి ఉండవలసిన సంగతుల గురించీ ఈ సమీక్ష.

ఈ పని బయట చేయించుకోవచ్చు కదా అని అడిగేవారికి ముందుగా ఒక మాట చెప్పాలి. పెళ్లి వీడియోలు తీసే ఒక స్టూడియోలో ఇచ్చి చూశాను. జగ్గన్నతోట ప్రభల తీర్థంలో మా తమ్ముడు ఫోనుతో తీసిన క్లిప్పులు, బంధువుల ఇంట పెళ్లి, రెండు హరికథలు పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఇస్తే, అరగంట తిరక్కుండానే ఒక డిస్కు చేతిలో పెట్టారు. "ఏ ప్లేయర్లో ఏసినా ఆడుద్దండి, మీకేం పర్లేదు" అని భరోసా కూడా ఇచ్చారు. తీరా ఇంట్లో వేసి చూస్తే తెర మీద ఫైళ్ల పేర్లయితే వరుసగా కనిపించాయి గాని, ఏది నొక్కినా ఈ ఫార్మాట్ చదవలేనన్న సందేశమే వచ్చింది. వారు చేసినదల్లా ఫైళ్లను ఉన్నవి ఉన్నట్టుగా డిస్కు మీదికి కాపీ చేయడం. అది డేటా డిస్కే తప్ప డీవీడీ వీడియో కాదు. గంటల కొద్దీ వీడియో అంత తొందరగా డిస్కయిందంటే, మార్పిడి జరగలేదనే అర్థం.

తేడా ఎక్కడుందో కొంచెం వివరంగా చూడాలి, ఎందుకంటే తక్కినదంతా దీని మీదే ఆధారపడి ఉంది. డీవీడీ వీడియో అనేది 1996లో జపాన్‌లో మొదటి ప్లేయర్లతో బజారుకెక్కిన ప్రమాణం. అందులో బొమ్మ మామూలుగా ఎంపెగ్-2 అనే కుదింపు పద్ధతిలో ఉంటుంది. మన దేశంలో టీవీలకు వాడుతూ వచ్చిన పాల్ పద్ధతిలో అయితే 720×576 చుక్కల కొలతతో క్షణానికి (అంటే సెకనుకు) 25 ఫ్రేములు, ఎన్‌టీఎస్‌సీ అనే మరో టీవీ పద్ధతిలో అయితే 720×480 కొలతతో క్షణానికి 29.97 ఫ్రేములు. శబ్దం సాధారణంగా ఏసీ-3 రూపంలో ఉంటుంది. ఇవన్నీ డిస్కులో వీడియో టీఎస్ అనే ఫోల్డరులో, ఒక్కొక్కటి ఒక గిగాబైటు మించని ముక్కలుగా, ఏ ముక్క తర్వాత ఏది ఆడాలో చెప్పే చిన్న సూచిక ఫైళ్లతో కలిసి ఉండాలి. ఫోన్లు తీసే వీడియో హెచ్.264 పద్ధతిది, కొత్త ఫోన్లలో హెచ్.265 పద్ధతిది. వీటిలో మొదటిది 2003లోనూ, రెండోది 2013లోనూ ఖరారయ్యాయి. చవక పోర్టబుల్ ప్లేయర్లలోని చిప్పుకు ఈ రెండూ తెలియవు. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో నేర్పే వీలూ లేదు. కాబట్టి వీడియోను మొదటి ఫ్రేము నుంచి చివరి ఫ్రేము దాకా విప్పి, ఎంపెగ్-2లోకి మళ్లీ కూర్చవలసిందే.

ఆ పనినంతటినీ డీవీడీస్టైలర్ ఒకేచోట చేస్తుంది. ఇది ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. విండోస్‌లోనూ, లినక్స్‌లోనూ, మ్యాక్‌లోనూ నడుస్తుంది. పైసా కట్టనక్కర లేదు, తయారైన డిస్కు మీద తన ముద్ర ఏమీ వేయదు. తెరవగానే ఒక చిన్న కిటికీ వచ్చి డిస్కు పేరు, సామర్థ్యం, బిట్‌రేటు (క్షణానికి ఎంత సమాచారం ఇవ్వాలన్న లెక్క), పాల్ కావాలా ఎన్‌టీఎస్‌సీ కావాలా, తెర కొలత 4:3 ఉండాలా 16:9 ఉండాలా, శబ్దం ఏ రూపంలో ఉండాలి అని అడుగుతుంది. ఆ తర్వాత మెనూకు ఒక నమూనా ఎంచుకొని, వీడియో ఫైళ్లను కింది వరుసలోకి లాగి వదిలితే సగం పని అయినట్టే. ఆఖరున డిస్కు మీదికి నేరుగా బర్న్ చేయమనవచ్చు, లేదా ఐఎస్ఓ ఫైలుగా, అంటే డిస్కు మొత్తానికి నకలైన ఒకే ఫైలుగా, దాచమనవచ్చు. నా సలహా ఎప్పుడూ రెండోదే. ఐఎస్ఓ ఫైలును ముందు కంప్యూటర్‌లోనే వీఎల్‌సీ ప్లేయర్‌తో తెరిచి, మెనూ బొత్తాలన్నీ నొక్కి చూసుకొని, అంతా బాగుందనుకున్నాకే డిస్కు పెట్టవచ్చు. రేపు ఇంకొకరికి ప్రతి కావాలన్నా మార్పిడి మళ్లీ చేయనక్కర లేదు.

చాలామంది ఆ మొదటి కిటికీని చదవకుండానే దాటేస్తారు గాని, డిస్కు నాణ్యత మొత్తం అక్కడే తేలిపోతుంది. మామూలు డీవీడీలో పట్టేది 4.7 గిగాబైట్లు. కంప్యూటర్ మరో లెక్కలో దాన్నే 4.37 అని చూపిస్తుంది గాని, డిస్కులో లోపమేమీ ఉండదు. గోదావరి దాటించే పంటు మీదికి ఎక్కించే బళ్లకు లెక్క ఉన్నట్టే, ఈ డిస్కు మీదికి ఎక్కించే గంటలకూ లెక్క ఉంది. గంటన్నర వీడియో అయితే క్షణానికి దాదాపు 7 మెగాబిట్లు వాడుకోవచ్చు. రెండు గంటలయితే 5.2, మూడు గంటలయితే 3.5, నాలుగు గంటలయితే 2.6. అందులోంచే శబ్దానికి కొంత పోవాలి. గంట లోపు వీడియో అయినంత మాత్రాన ఇష్టం వచ్చినంత పెంచుకోవడమూ కుదరదు, ఎందుకంటే బొమ్మకు 9.8 మెగాబిట్లకు మించి ఇవ్వడానికి ప్రమాణం ఒప్పుకోదు. ఇక్కడే ఒక అపోహ తరచూ వినబడుతుంది: ఫైలు 700 మెగాబైట్లే కదా, డిస్కు మీద ఇలాంటివి ఆరు పడతాయి అని. పట్టవు. మార్పిడిలో లెక్కకు వచ్చేది ఫైలు బరువు కాదు, ఆడే కాలం. రెండు గంటల వీడియో 700 మెగాబైట్లున్నా 4 గిగాబైట్లున్నా డిస్కు మీద అది రెండు గంటల చోటే తీసుకుంటుంది. చిన్న ఫైలు నుంచి వచ్చిన బొమ్మ ఏమీ మెరుగుపడదు కూడా.

బిట్‌రేటు తగ్గితే ఏమవుతుందో ప్రభల తీర్థం క్లిప్పులు చెప్పినంత స్పష్టంగా మరేవీ చెప్పలేదు. కనుమ నాడు మొసలపల్లి దగ్గరి జగ్గన్నతోటకు ఏకాదశ రుద్రుల ప్రభలు వచ్చే దృశ్యం చూసినవారికి తెలుసు: పచ్చని చేల మధ్యనుంచి జనం భుజాల మీద ఊగుతూ వచ్చే ప్రభ, దాని నిండా రంగురంగుల కొత్త వస్త్రాలు, పూలదండలు, గంటలు, గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు కౌశిక దాటేటప్పుడు మెడలోతు దాకా చెదిరే నీళ్లు, చుట్టూ వేల తలలు. వీడియోను ఇలా కుదించే పద్ధతులు చాలావరకు ఒక ఫ్రేముకూ తర్వాతి ఫ్రేముకూ మధ్య మారినదాన్నే రాసుకొని చోటు మిగుల్చుకుంటాయి. ఇక్కడ మారనిదంటూ ఏదీ లేదు. నాలుగు గంటల సామగ్రినంతా ఒకే డిస్కులో ఇరికించి 2.6 మెగాబిట్ల దగ్గర తీసినప్పుడు, ప్రభ నీళ్లలోకి దిగగానే నీటి మీద చదరాలు చదరాలుగా పొలుసులు లేచాయి, ప్రభ అంచున వేలాడే కుచ్చులు ఒకదానిలో ఒకటి కలిసి రంగు పూసినట్టయ్యాయి, శరభ శరభ అంటూ మోస్తున్నవారి ముఖాలు గుర్తుపట్టలేకుండా పోయాయి. అదే క్లిప్పును వేరే డిస్కులో 7 మెగాబిట్లతో తీస్తే కుచ్చులు విడివిడిగా, నీటి తుంపర తుంపరగానే కనిపించాయి. హరికథకు ఈ బెడద లేదు. వెనకనున్న తెర కదలదు, కెమెరా కదలదు, కథకుడు ఒక్కడే చిందు వేస్తాడు. మూడు మెగాబిట్లలోనూ చూడముచ్చటగా ఉంటుంది. అందువల్ల ప్రభలకు, రథోత్సవాలకు, పడవ పందేలకు ఒక డిస్కుకు గంటన్నర మించకుండా, కూర్చుని చెప్పే ప్రవచనాలకు మూడు గంటల దాకా పెట్టుకోవడం సబబు. డీవీడీస్టైలర్‌లో బిట్‌రేటును ఆటోలో వదిలేస్తే మొత్తం నిమిషాలను బట్టి అదే లెక్క కట్టి సర్దుతుంది. ఆ లెక్క నమ్మదగినదే. ఎన్ని గంటలు ఎక్కించాలన్న నిర్ణయం మాత్రం మనదే.

ఫ్రేముల లెక్క విషయంలో నా అభిప్రాయం కొందరికి వింతగా అనిపించవచ్చు. మనది పాల్ దేశం కాబట్టి పాల్ ఎంచుకోవాలన్నది సాధారణంగా చెప్పే మాట. స్టూడియో కెమెరాతో క్షణానికి 25 ఫ్రేములుగా తీసిన పెళ్లి వీడియోకు అది సరైనదే. ఫోనులో తీసినవి మాత్రం ఎక్కువగా 30 ఫ్రేములవి. వాటిని పాల్‌లోకి మారిస్తే క్షణానికి ఐదు ఫ్రేములు వదిలేయవలసి వచ్చి, కెమెరా పక్కకు తిరిగినప్పుడల్లా బొమ్మ చిన్నగా తడబడుతుంది. ఈ ప్లేయర్లు మామూలుగా రెండు పద్ధతులనూ ఆడతాయి, సొంత తెర మీద చూసేటప్పుడు టీవీ పద్ధతితో పనే లేదు. కాబట్టి ఫోను వీడియోలకు ఎన్‌టీఎస్‌సీ పెట్టడమే మేలు. గీతలు 576 నుంచి 480కి తగ్గుతాయన్న బెంగ అక్కర లేదు; పాత ఏడంగుళాల తెరల్లో చాలావాటి కొలతే 480×234 చుక్కలు. వీటితో పాటు మరొక చిక్కు ఉంది. ఫోన్లు వెలుతురును బట్టి ఫ్రేముల వేగాన్ని కొద్దికొద్దిగా మారుస్తూ తీస్తాయి. అలాంటి ఫైలును నేరుగా మారిస్తే మొదట్లో బాగానే ఉండి, పోనుపోను పెదవుల కదలిక ఒకటి, మాట ఒకటి అయ్యే ప్రమాదం ఉంది. హ్యాండ్‌బ్రేక్ అనే మరో ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫ్రేముల వేగాన్ని స్థిరంగా ఉంచే ఎంపిక పెట్టి ఒకసారి ఫైలును తిరిగి తీసుకొని, దానిని డీవీడీస్టైలర్‌కు ఇస్తే ఆ సమస్య ఉండదు. నిలువుగా పట్టుకుని తీసిన వీడియోలకు మాత్రం ఎవరూ ఏమీ చేయలేరు. రెండు పక్కలా నల్లని పట్టీల మధ్య అరటి దవ్వంత బొమ్మ మిగులుతుంది.

మెనూల దగ్గరకు వస్తే, డీవీడీస్టైలర్ ఇచ్చే నమూనాలు పెద్ద టీవీకి పనికొస్తాయేమో గాని ఈ తెరకు పనికిరావు. అక్షరాలు చిన్నవి, అలంకారం ఎక్కువ. నమూనా లేకుండా ఖాళీ పుట తీసుకొని, తెలుగు శీర్షికలను పెద్ద అక్షరాలతో వేరే చోట బొమ్మగా తయారు చేసుకొని, ఆ బొమ్మనే నేపథ్యంగా పెట్టి, దాని మీద బొత్తాలను మాత్రం అమర్చడం మంచి పద్ధతి. వత్తులు చెదురుతాయేమో, ఫాంటు దొరుకుతుందో లేదో అన్న ప్రశ్నే ఉండదు. ఒక పుటలో నాలుగు బొత్తాలు దాటకూడదు. వాటిని పైనుంచి కిందికి ఒకే వరుసలో పెడితే పెద్దవాళ్లు రెండు బొత్తాలతోనే అన్నీ చేరుకోగలరు. ఇంకా మంచిది, పెట్టగానే వీడియో దానంతట అదే మొదలయ్యేలా మెనూయే లేకుండా తీయడం. పెద్దమ్మ తీర్పు కూడా అదే: "ఏరా, ఏస్తే ఆడాలి గానీ నన్ను మళ్లీ అడగడమెందుకురా?" అంది. ఒకటి మాత్రం మరవకూడదు. ఆపి మళ్లీ పెడితే ఎక్కడ ఆగిందో గుర్తుంచుకోని ప్లేయర్లు చాలా ఉన్నాయి గనుక, వీడియో లక్షణాల్లోకి వెళ్లి పది నిమిషాలకొక అధ్యాయం పడేలా గుర్తులు పెడితే, ముందుకు దూకే బొత్తంతో ఆగిన చోటికి తేలిగ్గా వెళ్లవచ్చు.

లోపాల గురించి చెప్పాలంటే, మొదటిది ఓపిక. మూడు గంటల వీడియోను మార్చడం పాత ల్యాప్‌టాప్‌కు చిన్న పని కాదు. రాత్రి పడుకోబోయే ముందు మొదలుపెట్టి వదిలేయడమే దారి. కంప్యూటర్ హార్డ్ డిస్కులో పది గిగాబైట్లయినా ఖాళీ ఉంచుకోవాలి. రెండోది భాష. పైపైన వాడినంతసేపు సులువుగానే ఉంటుంది గాని, ఒక వీడియో తర్వాత మరొకటి ఆడాలన్నంత చిన్న కోరికకు కూడా లక్షణాల్లో ఒక ఆదేశం రాయవలసి రావచ్చు, అక్కడ కనిపించే మాటలు డీవీడీ ప్రమాణం చదివినవారికే అర్థమయ్యేవి. కొత్తవారు అందుకే అన్నిటినీ ఆడించే బొత్తం ఉన్న నమూనాతో మొదలుపెట్టడం మంచిది. జాగ్రత్త కోసం ఫైళ్ల పేర్లూ డిస్కు పేరూ ఇంగ్లీషు అక్షరాల్లో, ఖాళీలు లేకుండా ఉంచుకోవాలి.

ఇన్ని ఉన్నా దీన్నే ఎందుకు సిఫారసు చేస్తున్నానంటే, పోటీలో ఉన్నవి ఒక్కొక్కటే తప్పుకున్నాయి. విండోస్ విస్టా, విండోస్ 7ల కొన్ని ఎడిషన్లలో ఉచితంగా వచ్చిన డీవీడీ మేకర్ చాలా సులువైనది. విండోస్ 8 నుంచి మైక్రోసాఫ్ట్ దాన్ని తీసేసింది. ఒకప్పుడు అందరూ వాడిన డీవీడీ ఫ్లిక్ 2009 తర్వాత ముందుకు సాగలేదు. హ్యాండ్‌బ్రేక్ పేరు విని డీవీడీలు తయారు చేస్తుందనుకునేవారున్నారు గాని, దాని పని అందుకు సరిగ్గా తలకిందులు. డీవీడీని ఫైలుగా మారుస్తుంది, ఫైలును డీవీడీగా మార్చదు.

ఐఎస్ఓ తయారయ్యాక బర్న్ చేయడానికి విండోస్‌లో ఇమ్గ్‌బర్న్ చాలు. అది కూడా 2013 నాటి కూర్పుతోనే నిలిచిపోయింది గాని ఈ పనికి ఇంతకంటే ఏమీ అక్కర లేదు. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో డిస్కు పెట్టే చోటే ఉండదు కాబట్టి యూఎస్‌బీ రైటరు కొనాలి, దాన్ని హబ్‌కు కాకుండా నేరుగా ల్యాప్‌టాప్‌కే తగిలించాలి. బర్న్ మధ్యలో విద్యుత్తు చాలక ఆగితే ఆ డిస్కు పారేయడమే. వేగం 4ఎక్స్ పెట్టుకుంటే నిండు డిస్కుకు పావుగంట పడుతుంది, అంతకంటే తొందర పడనక్కర లేదు. బర్న్ అయ్యాక సరిచూసే ఎంపికను ఆపవద్దు. డిస్కుల్లో ఆర్‌డబ్ల్యూ రకం తిరిగి రాసుకోవచ్చు గాని వెలుతురును తక్కువగా తిప్పికొడుతుంది గనుక, లేజరు అలసిపోయిన పాత ప్లేయరు దాన్ని గుర్తించకపోవచ్చు. పెద్దవాళ్ల ఇంటికి పంపేది ఒక్కసారే రాయగల మామూలు డీవీడీ-ఆర్ అయి ఉండాలి. రెండు పొరల డిస్కు కంటే రెండు మామూలు డిస్కులు నయం. పైన కాగితం అట్ట అంటించవద్దు. తిరిగేటప్పుడు బరువు ఒక పక్కకు లాగి చదవడం కష్టమవుతుంది. డిస్కులకు వాడే మార్కరుతో పేరు రాస్తే సరిపోతుంది. రాయగలిగే డిస్కుల్లో సమాచారం నిలిచేది రంగు పొరలోనే కాబట్టి, కిటికీ గట్టు మీద ఎండలో వదిలేస్తే అది పాడవుతుంది.

ఇంత శ్రమ ఎందుకనుకునేవారికి ఒక అడ్డదారి ఉంది, అందరికీ కాదు. ప్లేయరు మూత మీద గాని పుస్తకంలో గాని డివ్ఎక్స్ అనో ఎంపెగ్-4 అనో గుర్తు ఉంటే, అది ఎక్స్‌విడ్ పద్ధతిలోని ఏవీఐ ఫైళ్లను ఆడే అవకాశం ఎక్కువ. 720×576 మించకుండా, శబ్దం ఎంపీ3గా పెట్టి ఏవీఐ తయారు చేసుకుంటే, మామూలు డేటా డిస్కులోనే ఏడెనిమిది గంటల హరికథలు పడతాయి. యూఎస్‌బీ రంధ్రం ఉంటే పెన్‌డ్రైవ్‌ను ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసి పెట్టవచ్చు, ఒక్కో ఫైలు 4 గిగాబైట్లు దాటకూడదు. మెనూలు, అధ్యాయాలు ఉండవు. ఇంగ్లీషు పేర్ల జాబితాలోంచి ఎంచుకోవడం పెద్దవాళ్లకు ఇబ్బందే. మా ఇంట్లో ఈ దారి నిలవలేదు.

పెళ్లిళ్ల సీజను వస్తోంది కాబట్టి, స్టూడియోకు బేరం కుదుర్చుకునేటప్పుడే ఒక మాట అడిగి పెట్టుకోండి. ఈ రోజుల్లో వారు ఇచ్చేది పెన్‌డ్రైవ్‌లో హెచ్‌డీ ఫైలే. దానితో పాటు డీవీడీ వీడియోగా తయారు చేసిన ఐఎస్ఓ ఫైలు కూడా కావాలని, అందులో తాళిబొట్టు, తలంబ్రాలు, అప్పగింతలు విడివిడి అధ్యాయాలుగా ఉండాలని చెప్పండి. ఆ ఫైలు ఇస్తే డీవీడీస్టైలర్‌తో కూడా పని లేదు, పావుగంటలో డిస్కు తీసి ఊరికి పంపవచ్చు. ఇవ్వలేమంటే, హెచ్‌డీ ఫైలు క్షణానికి ఎన్ని ఫ్రేములదో కనుక్కుని రాసిపెట్టుకోండి.